ఉస్తాద్ దుకాణంలో చెవులు పెట్టి విన్న రోజులు

మొన్న బంధువుల పెళ్లికి నల్లగొండ పోయాను. ముహూర్తానికి ఇంకా టైముందని క్లాక్‌టవర్ దగ్గర ఆటో దిగి ప్రకాశం బజార్ వైపు ఊరికే నడుస్తున్నాను. ఒక సెల్‌ఫోన్ రిపేరు షాపు ముందుకు రాగానే వాసన తగిలింది. సోల్డరింగ్ పేస్టు కాలే వాసన. లోపల ఒక పిల్లవాడు భూతద్దం కింద తల పెట్టి బోర్డు మీద టాంకా (అతుకు) వేస్తున్నాడు. "ఏం కావాలె సార్?" అని ఆ పిల్లవాడు అడిగేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు.

నా బడి సెలవులన్నీ ఆ వాసనలోనే గడిచాయి. ఇంటర్ తర్వాత కొన్నేళ్లు బతుకుదెరువు కూడా అదే. అక్కడికి రెండు సందుల అవతల, రేడియోలు, పాటల సెట్లు బాగుచేసే ఉస్తాద్ దుకాణం ఉండేది. మూల మీది పాన్‌డబ్బా అతన్ని అడిగితే, "ఉస్తాద్ పోయి శానా రోజులైంది సార్. పిల్లలు హైదరాబాద్‌ల ఉంటున్నరు" అన్నాడు. దుకాణం ఉన్న చోట ఇప్పుడు బట్టల షోరూం ఉంది. పెళ్లిలో భోజనం చేస్తున్నంతసేపూ ఆయనే మనసులో మెదిలారు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. బజార్లో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలిచింది లేదు. అందరికీ ఉస్తాదే.

*

దుకాణం అంటే ఒక చిన్న గది. ముందు వైపు చెక్క బల్ల, దాని నిండా ఐరన్ కాల్చిన నల్ల మచ్చలు. గోడకు ఒక సిరీస్ బల్బు బోర్డు. పై అరలో రేడియోలు, టేప్‌రికార్డర్లు. కింది అరల్లో వరసగా ఆంప్లిఫైయర్లు, అంటే పాటను పెద్దది చేసి స్పీకర్లకు పంపే సెట్లు. ఎక్కువ భాగం హైదరాబాద్‌లోనో నల్లగొండలోనో ఎవరో ఒకరు పార్టులు కొని బిగించిన సెట్లే. ముందు పక్క అల్యూమినియం రేకు, మూడు నాలుగు గుబ్బలు, పాటకు తగ్గట్టు ఎక్కి దిగే ఎర్ర పచ్చ లైట్లు.

ప్రతి సెట్టు మీద ఒక చీటీ ఉండేది. పైన ఊరి పేరు, కింద దాని జబ్బు. జబ్బు రాసే పని నాది. కస్టమర్ ఏ మాటతో చెప్తే అదే మాట రాయాలని ఉస్తాద్ పట్టుదల. మన ఇంగ్లిష్ తెలివి అందులో కలపకూడదు. అందుకని ఆ చీటీలు ఇలా ఉండేవి: "హాలియా – పెట్టంగనే గుయ్యి." "మునుగోడు – కుడి దిక్కు పలుకుత లేదు." "పానగల్లు – గుబ్బ ముడితే గరగర." "కనగల్లు – బుడబుడ బుడబుడ, పాట మధ్యల."

కొందరు నోటితో ఆ చప్పుడు చేసి చూపించేవాళ్లు. ఒక పెద్దాయన దుకాణం మెట్టు మీద కూర్చుని, తువ్వాల భుజం మీద వేసుకుని, కళ్లు మూసుకుని "గుయ్య్..." అని చాలాసేపు అన్నాడు. ఉస్తాద్ నవ్వలేదు. శ్రద్ధగా విని, "పెద్దాయనా, సౌండ్ పెంచితే ఈ గుయ్యి పెరుగుతదా, లేకుంటె అట్లనే ఉంటదా?" అని అడిగారు. ఆయన కాసేపు ఆలోచించి, "అట్లనే ఉంటది ఉస్తాదూ, బంద్ జేస్తెనే పోతది" అన్నాడు. అంతే. మూత విప్పకముందే ఉస్తాద్ నా వైపు తిరిగి, "ఫిల్టర్ కండెన్సర్ తీసిపెట్టు బేటా" అన్నారు.

*

ఆ ఒక్క ప్రశ్నలో ఎంత ఉందో నాకు తర్వాత మెల్లగా అర్థమైంది. వాల్యూం గుబ్బ ఆంప్లిఫైయర్‌కు మధ్యలో ఒక గేటు. సౌండ్ తగ్గించినా గుయ్యిమనడం తగ్గకపోతే ఆ చప్పుడు గేటుకు ముందు నుంచి రావడం లేదు. గేటు తర్వాత ఎక్కడో పుడుతోంది. ఎక్కువసార్లు అది పవర్ సప్లై, అంటే సెట్టుకు కరెంటు అందించే భాగం. వాల్యూంతో పాటు గుయ్యి కూడా పెరిగితే జబ్బు ఇన్‌పుట్ దిక్కున ఉంది. టేప్ నుంచి వచ్చే షీల్డ్ వైరు లోపల బయటి గోలను ఆపే జాలీ తెగి ఉంటుంది, లేదా పిన్ను దగ్గర టాంకా ఊడి ఉంటుంది.

మన కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని తగ్గిస్తే, నాలుగు డయోడ్లు ఒకే దిక్కుకు మళ్లిస్తాయి. అప్పుడు సెకనుకు 100 సార్లు ఎగిరెగిరి పడే కరెంటు వస్తుంది. ఆ ఎగుడుదిగుళ్లను సమానం చేసేది 2200, 4700 మైక్రోఫారడ్‌ల (ఎంత ఛార్జి పట్టుకోగలదో చెప్పే కొలత) పెద్ద కండెన్సర్లు. ఉస్తాద్ ఇది నాకు పానగల్లు చెరువుతో చెప్పారు. వాన వచ్చి పోతుంటది, చెరువు నిండుగా ఉంటే కాలువ మాత్రం ఒకే తీరున పారుతది, చెరువు పూడిపోతే వాన పడ్డప్పుడే నీళ్లు అన్నారు. కండెన్సర్ లోపలి ద్రవం ఏళ్ల తరబడి వేడికి ఎండిపోతుంది. నెత్తి ఉబ్బుతుంది, కొన్నిసార్లు కాళ్ల దగ్గర గోధుమ రంగు జిగురు కారి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కూ, వేడిని లాగే హీట్‌సింక్ రేకుకూ ఆనుకుని ఉన్న కండెన్సరే ముందు పోతుంది.

అనుమానం వస్తే సెట్టు ఆపి, మంచి కండెన్సర్ ఒకటి ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు చూసి పాతదానికి పక్కన తగిలించి మళ్లీ పెట్టేవారు. గుయ్యి తగ్గితే తీర్పు అయిపోయినట్టే. కరెంటు తీసేశాక కూడా ఆ పెద్ద కండెన్సర్లలో ఛార్జి మిగిలే ఉంటుందని మాత్రం రోజూ చెప్పేవారు. చెయ్యి పెట్టేముందు ఒక చిన్న బల్బునో రెసిస్టర్‌నో దాని రెండు కాళ్లకు ఆనించి ఖాళీ చేయాల్సిందే. కొందరు మెకానిక్కులు స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్పుమని పేల్చేవాళ్లు. ఉస్తాద్‌కు అది చూస్తేనే కోపం.

"బుడబుడ" వేరే సంగతి. అది మోటారు పడవ పోతున్నట్టు ఆగి ఆగి వచ్చే చప్పుడు. పాట బాస్ కొట్టినప్పుడల్లా సప్లై కుంగి, ఆ కుంగుడు పాటను మొదట పెంచే ముందు స్టేజీలకు పాకి, సెట్టు తనంతట తానే ఊగుతుంటుంది. దానికి మందు ముందు స్టేజీల దగ్గరుండే చిన్న కండెన్సర్లు మార్చడమే, అవి ఎండిపోయి ఉంటాయి.

*

గరగరలన్నీ ఒకటి కాదని కూడా అక్కడే తెలిసింది. గుబ్బ తిప్పినప్పుడు మాత్రమే గరగరమంటే లోపల కార్బన్ పట్టీ మీద దుమ్ము పేరుకుందని అర్థం. మా దిక్కు దుమ్ముకు తక్కువేం లేదు. సిరంజిలో స్పిరిట్ తీసుకుని గుబ్బ వెనక చిన్న సందులో నాలుగు చుక్కలు వేసి, ఆ చివర నుంచి ఈ చివరకు పదే పదే తిప్పడం నా పని. స్పిరిట్ ఆరిందాకా సెట్టు పెట్టకూడదు. చాలా సెట్లు దీనితోనే బాగై ఇంటికి పోయేవి, ఉస్తాద్ వాటికి చాయ్ పైసలే తీసుకునేవారు.

కడిగిన వారానికే మళ్లీ గరగర వస్తే మాత్రం గుబ్బ తప్పు కాదు. దానికి ముందున్న కండెన్సర్ లీకై, పాటతో పాటు డీసీ (ఒకే దిక్కుకు పోయే) వోల్టేజీ గుబ్బ మీదికి వస్తోందన్నమాట. మీటర్ పెడితే దొరికిపోతుంది. ఇది తెలియక గుబ్బలు మార్చీ మార్చీ విసిగిపోయిన వాళ్లు మా దగ్గరికి వచ్చేవాళ్లు.

స్పీకర్ లోపలి గరగర ఇంకో రకం. సెట్టు ఆపి, రెండు చేతుల వేళ్లతో స్పీకర్ ముందు గిన్నెలా ఉండే కాగితాన్ని సమానంగా మెల్లగా లోపలికి నొక్కితే దాని వెనకున్న కాయిల్ (తీగచుట్ట) అయస్కాంతానికి రాసుకునే చప్పుడు వేళ్లకే తెలుస్తుంది. కాయిల్ తెగిందా లేదా చూడాలంటే టార్చిలైటులోంచి ఒక సెల్లు తీసి స్పీకర్ వైర్లకు క్షణం తాకించేవారు. టక్కుమంటే బతికి ఉన్నట్టు. సెల్లు ప్లస్సు స్పీకర్ ప్లస్సుకు తగిలితే కాగితం ముందుకు వస్తుంది. రెండు డబ్బాల్లో ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ పోతుంటే వైర్లు తారుమారైనట్టు. అట్లాంటి ఇళ్లలో ఎంత మంచి సెట్టున్నా బాస్ సన్నగా వినిపిస్తుంది. వైర్లు తిప్పి పెట్టగానే గది నిండిపోయేది. పైసా ఖర్చు లేదు.

*

"కుడి దిక్కు పలుకుత లేదు" అని వచ్చిన సెట్టును ఉస్తాద్ వెంటనే విప్పేవారు కాదు. సెట్టు ఆపి కుడి స్పీకర్ వైరును ఎడమకు, ఎడమది కుడికి మార్చేవారు. అదే డబ్బా అప్పుడు కూడా మూగగానే ఉంటే తప్పు డబ్బాదో వైరుదో. ఈసారి రెండో డబ్బా మూగబోతే తప్పు సెట్టుది. సెట్టుదే అయితే టేప్ నుంచి వచ్చే పిన్నులను కూడా అట్లనే మార్చేవారు. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ చేతికి తీసుకునేవారు. నా దృష్టిలో ఆయన నేర్పిన వాటిలో దీన్ని మించింది లేదు. ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు, మీటర్ అక్కర్లేదు.

ఒక టీచరమ్మ ఉండేవారు, రామగిరి నుంచి వచ్చేవారు. సెట్టు రిక్షాలో పెట్టుకుని వచ్చి, సగం పాటే వినిపిస్తోందని బాధపడ్డారు. ఉస్తాద్ వైర్లు మార్చి చూస్తే సెట్టు బాగానే ఉంది. వాళ్లింట్లో మంచం కింద నుంచి పోయే వైరును ఎలుక కొరికింది. ఆమె దగ్గర ఏమీ తీసుకోకుండా కొత్త వైరు రెండు గజాలు కోసి ఇచ్చి పంపారు.

*

ఫ్యూజు కొట్టేసిన సెట్లంటే ఉస్తాద్ చాలా జాగ్రత్తగా ఉండేవారు. మెయిన్ లైనులో 100 వాట్ల బల్బు ఒకటి సిరీస్‌గా పెట్టి దాని ద్వారా సెట్టుకు కరెంటు ఇచ్చేవారు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిదే, కండెన్సర్లు నిండాయన్నమాట. అట్లనే భగ్గున వెలుగుతూ ఉంటే లోపల ఎక్కడో షార్ట్ ఉంది. సెట్టుకు ఇంకేం కాకుండా ఆ బల్బే అడ్డుపడుతుంది. ఫ్యూజు పోయినచోట లావు రాగి తీగ చుట్టి తెచ్చిన సెట్లు మాకు ఎన్నో వచ్చేవి. వాటిలో ట్రాన్స్‌ఫార్మర్ కూడా మాడిపోయి ఉండేది, వార్నిష్ కాలిన వాసన దుకాణమంతా పట్టుకునేది.

పాత సెట్లలో 2ఎన్3055 అనే ఇనుప టోపీలాంటి ట్రాన్సిస్టర్లు ఉండేవి. వాటి ఒళ్లంతా కలెక్టరే, అంటే ట్రాన్సిస్టర్ మూడు కొసల్లో ఒకటి. హీట్‌సింక్‌కు తగలకుండా మధ్యలో అభ్రకం ముక్క పెట్టి, రెండు వైపులా తెల్ల పేస్టు పలచగా రాసి బిగించాలి. అభ్రకం చిట్లితే షార్ట్. తర్వాత చిన్న సెట్లలో ఎల్‌ఏ4440 ఐసీ (ఎన్నో పార్టులు ఒకే ముక్కలో ఇమిడిన చిప్) వచ్చింది. 14 కాళ్లు, రెండు దిక్కులూ అందులోనే, 12 వోల్టుల మీద హాయిగా పనిచేస్తుంది. ఊళ్లల్లో ఇంటింటికీ పాట పోయింది దాని వల్లే అంటాను.

*

మా ఊళ్లో మా చిన్నాయన ఆ ఐసీ సెట్టుకు మట్టి కుండను డబ్బాగా వాడేవాడు. కుమ్మరి దగ్గర పెద్ద నోరు కుండ ఎంచి తెచ్చి, దాని మూతి మీద స్పీకర్ బోర్లించి, సందులు బంకతో మూసేవాడు. ఆ కుండలోంచి వచ్చే బాస్ ఎంత గుండ్రంగా, ఎంత లోతుగా ఉండేదో ఇప్పటికీ చెవుల్లో ఉంది. మంగలి దుకాణంలో ఒకటి, హోటల్లో ఒకటి, ఇలా ఊరంతా కుండ స్పీకర్లే. పొద్దున రేడియోలో భక్తి పాటలు మొదలైతే ఏ వాకిట్లో నిలబడినా పాట తెగకుండా వినిపించేది. బడికి పోతూ ఒక ఇంటి దగ్గర పల్లవి, ఇంకో ఇంటి దగ్గర చరణం వినేవాళ్లం. మా అమ్మ బియ్యం ఏరుకుంటూ ఆ పాటల్ని బట్టే టైము చెప్పేది.

ఎండాకాలం రాత్రులు మాత్రం సెట్లకు గండం. త్రీఫేజ్ వచ్చిందంటే బాయిల కాడి మోటార్లన్నీ ఒక్కసారి లేచేవి. లైట్లు గుడ్డివైపోయేవి, పాట పగిలిపోయి వినిపించేది. వోల్టేజీ చాలకపోతే ఆంప్లిఫైయర్ పాట ఎత్తును అందుకోలేక కొనలు కత్తిరించేస్తుంది, అదే ఆ పగుళ్ల చప్పుడు. సెట్టు చెడిపోయిందని మర్నాడు తెచ్చేవాళ్లు. పగలు మా దుకాణంలో పెడితే బంగారంలా పాడేది. "ఇంట్ల లైటు ఎట్ల వెలుగుతుండె అప్పుడు?" అని ఉస్తాద్ అడిగేది అందుకే. మోటార్లు ఆగాక వోల్టేజీ ఒక్కసారి పైకి ఎగిరేది, ఐసీలు పోయేది ఎక్కువగా అప్పుడే. ఉస్తాద్ అందరికీ స్టెబిలైజర్ కొనమని చెప్పేవారు, కొనలేని వాళ్లకు పడుకునేముందు పిన్ను పీకెయ్యమనేవారు.

*

వినాయక చవితి దగ్గరపడితే మాకు నిద్ర ఉండేది కాదు. ఇళ్లల్లోని సెట్లే మండపాలకు వెళ్లేవి. పిల్లలు ఒక దానికి రెండు, రెండుకు నాలుగు డబ్బాలు తగిలించేవాళ్లు. ఓమ్ అంటే కరెంటుకు అడ్డుపడే కొలత. 8 ఓమ్‌ల డబ్బాలు నాలుగు పక్కపక్కన కలిపితే ఆంప్లిఫైయర్‌కు కనిపించేది 2 ఓమ్‌లే. అడ్డు తగ్గితే ఎక్కువ కరెంటు పోతుంది, అంత కరెంటు ఇవ్వలేక వేడెక్కి, రెండో రోజు రాత్రికి మాడిపోయేది. ఉస్తాద్ వాళ్లను తిట్టేవారు కాదు. బల్ల మీద కాగితం పెట్టి, రెండేసి డబ్బాలను ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపి ఆ జతలను పక్కపక్కన కలిపితే మళ్లీ 8 ఓమ్‌లే ఎట్లా వస్తాయో బొమ్మ గీసి ఇచ్చేవారు. తన పండుగ కాకపోయినా మండపం సెట్లు ముందు చేసి పంపేవారు. లతీఫ్ సాహెబ్ గుట్ట ఉర్సుకు, చెరువుగట్టు జాతరకు కూడా అదే తీరు.

పార్టులు అయిపోతే ఆయన నన్ను హైదరాబాద్ పంపేవారు. పొద్దున బస్సెక్కి కోఠిలో దిగి, గుజరాతీ గల్లీలో చీటీ ప్రకారం కొనుక్కుని, చీకటి పడేలోపు తిరిగి రావాలి. కండెన్సర్లు కొనేటప్పుడు చేతిలో బరువు చూసేవాణ్ణి. పైన 4700 అని అచ్చు వేసి లోపల చిన్నది పెట్టిన నకిలీ సరుకు అప్పట్లోనూ ఉండేది. ఉస్తాద్ ఒక్కోటీ మీటర్ మీద చూసిగాని డబ్బాలో వేసేవారు కాదు. మంచి పార్టు వేసి తక్కువ లాభం తీసుకోవడమే ఆయన పద్ధతి. అందుకే సొంత ఇల్లు కూడా కట్టలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

*

తర్వాత నాకు వేరే ఉద్యోగం వచ్చింది. సీడీలు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి, కొత్త సెట్లలో పార్టులు గోటికి అందనంత చిన్నవయ్యాయి. దుకాణంలో చీటీలు పలచబడ్డాయి. కానీ గుయ్యిమనే చప్పుడు ఇంకా పోలేదు. నిరుడు మా అక్క మిర్యాలగూడ నుంచి ఫోన్ చేసి, కొత్త స్పీకర్ సెట్టు గుయ్యిమంటోందిరా తమ్మీ అంది. పెంచితే పెరుగుతుందా అని అడిగాను. పెరుగుతదంది. ఫోన్‌కు ఛార్జర్ పెట్టి ఉందా అన్నాను. ఉందంది. పీకమన్నాను. చప్పుడు ఆగిపోయింది. ఛార్జర్ కరెంటులోని గోల వైరు గుండా ఆంప్లిఫైయర్‌లోకి దిగుతోంది, అంతే. టీవీ పెట్టెనూ సెట్టునూ వేర్వేరు ప్లగ్గులకు పెట్టినా ఇట్లాంటి గుయ్యి వస్తుంటుంది. రెండిటినీ ఒకే బోర్డు మీదికి తెస్తే చాలాసార్లు తగ్గిపోతుంది.

మీ ఇంటి అటక మీద నాయిన కాలంనాటి సెట్టు ఏదైనా ఉంటే పాత ఇనుము వాడికి వేయకండి. దించి దుమ్ము దులపండి, కానీ తిన్నగా ప్లగ్గులో పెట్టకండి. ఏళ్ల తరబడి కరెంటు చూడని కండెన్సర్లు సెట్టును ఒక్కసారిగా 230 మీద పెడితే పగలొచ్చు. పని తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకుపోయి, సిరీస్ బల్బు మీద పెట్టి చూడమనండి. స్పీకర్ పెట్టేముందు ఆ తీగల మీద డీసీ ఉందేమో మీటర్‌తో చూడమనండి. సెట్టు పెట్టగానే స్పీకర్ కాగితం ముందుకో వెనక్కో పోయి అక్కడే నిలిచిపోతే వెంటనే ఆపేయాలి, లేకపోతే కాయిల్ కాలిపోతుంది. మా చిన్నాయన సెట్టు నా దగ్గరే ఉంది. రెండు ఫిల్టర్ కండెన్సర్లు మార్చాను, గుబ్బలు కడిగాను. కుడి డబ్బా కాగితం ఒక్కటే చినిగి ఉంది. నల్లగొండలో స్పీకర్ కాగితం మార్చేవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే చెప్పండి, సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్టుకొస్తాను.